సగం చెప్పిన పాఠం

నా దగ్గర చదువుకునే పిల్లలకు నా మీద ఒక కోపం ఉంది. అది నాకు తెలియదనుకుంటారు. మామూలు రోజుల్లో బెల్లు కొట్టగానే చాక్‌పీసు కింద పెట్టేసే మనిషినే నేను. ఏడాదిలో ఒక్క రోజు మాత్రం, కంటి లెన్స్ గురించి చెప్పే రోజు, బెల్లు కొట్టినా వదలను. క్యాంటీన్ మూసేస్తారని ఒకరు, దువ్వాడలో రైలు పోతుందని ఒకరు గొణుగుతూ ఉంటే తలుపుకు అడ్డంగా నిలబడి, మిగిలిన సగం పాఠం చెప్పాకే కదలనిస్తాను. ఆవిడకు చాదస్తం అని నా వెనకాల అనుకుంటారు. అనుకోనీండి. ఆ పాఠాన్ని నేను ఒకసారి సగం చెప్పి వదిలేశాను. అప్పుడు విన్నవాడు విద్యార్థి కాదు, మా నాన్న.

డెబ్బైల చివరి సంగతి. ఊళ్ళో ఎక్కడ ఇద్దరు నిలబడ్డా ఉక్కు ఫ్యాక్టరీ మాటే. ఫ్యాక్టరీ ఇంకా లేవలేదు గానీ దాని ఉద్యోగాలు అప్పటికే అందరి కళ్ళలోనూ లేచి కూర్చున్నాయి. నేను యూనివర్సిటీలో ఫిజిక్స్ ఎమ్మెస్సీ చదువుతున్నాను. రెండో ఏడు ప్రత్యేక సబ్జెక్టు ఎంచుకోమన్నప్పుడు క్లాసులో కుర్రాళ్ళు దాదాపు అందరూ ఎలక్ట్రానిక్స్ వైపు పరిగెత్తారు. బయోఫిజిక్స్ కాగితం మీద సంతకం పెట్టింది నేనొక్కదాన్నే. పదిమంది నడిచే దారిలో నడవమంటే చిన్నప్పటి నుంచీ నాకు కాళ్ళనొప్పులు. దానికి తోడు, ఆ సబ్జెక్టు మేష్టారు అంతకు ముందు ఏడాది ఒక క్లాసులో అన్న మాట నా బుర్రలో ఉండిపోయింది. కంటి లెన్స్‌లో రక్తనాళాలు ఉండవట. మూడో వంతు ప్రోటీనేనట, గట్టి పెరుగు కంటే చిక్కనట. అంత చిక్కటి పదార్థం గుండా వెలుగు ఎలా పోతోందో, అది పాలలా తెల్లగా ఎందుకు లేదో ప్రపంచంలో ఇంకా ఎవరూ పూర్తిగా చెప్పలేకపోతున్నారట. ఇంకా తెలియనిది ఒకటి ఉందని మేష్టారే ఒప్పుకోవడం నేను అదే మొదటిసారి వినడం.

సంతకం పెట్టేటప్పుడు ఒక్కదాన్నే ఉండడం అంటే ఏమిటో నాకు తెలియదు. నలభై కుర్చీల గదిలో ముందు వరసలో నేను, బల్ల వెనకాల మేష్టారు. ఆయన గోదావరి జిల్లా నుంచి వచ్చిన పెద్దమనిషి, పద్ధతి తప్పేవారు కాదు. రోజూ రిజిస్టరు తెరిచి, కళ్ళజోడు సర్దుకుని, "నంబర్ వన్" అని పిలిచేవారు. నేను "ప్రెజెంట్ సార్" అనేదాన్ని. ఆయన రిజిస్టరు మూసేవారు. మొదటి రోజు నవ్వొచ్చింది. దసరా సెలవులు వచ్చేసరికి ఆ నవ్వు పోయింది. నేను రాని రోజు ఆయన ఖాళీ గదిలో నంబర్ వన్ అని పిలిచి, ఆగి, ఆబ్సెంట్ వేసుకుని వెళ్ళేవారని తర్వాత ఎవరో చెప్పారు. ఆ భయానికే జ్వరం వచ్చినా మానేదాన్ని కాదు.

మా ఇల్లు కంచరపాలెంలో, రైలు గేటు దాటి లోపలికి. రెండు గదుల పెంకుటిల్లు. నేను ఇంటర్ చదువుతుండగా అమ్మ పోయింది. అప్పటి నుంచీ ఇంట్లో నేనూ నాన్నా. నాన్న శ్రీకాకుళం వైపు పల్లెలో పుట్టాడు. నాలుగు చెక్కల పొలం నలుగురు అన్నదమ్ములకు చాలక హార్బరుకు మూటలు మోయడానికి వచ్చాడు. మూటలు మోస్తూ మోస్తూ పైకి చూసేవాడట. అలా చూసి చూసి పని నేర్చుకుని క్రేన్ డ్రైవరయ్యాడు. నాన్న మాట్లాడేది తక్కువ. తిన్నావా అంటాడు, తిన్నాను అంటాను, ఆ పూటకు కబుర్లు అయిపోయినట్టే. క్రేన్ గురించి మాత్రం అడిగితే నాలుగు మాటలు ఎక్కువ చెప్పేవాడు. నిచ్చెన ఎక్కి పైన ఆ అద్దాల గదిలో కూర్చుంటే డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కన కూర్చున్నట్టు ఉంటుందట, బయట లంగరేసిన ఓడలన్నీ కనిపిస్తాయట, కింద ఎంత అరుపులున్నా పైన గాలి చప్పుడు తప్ప ఏమీ ఉండదట. కింద నిలబడి చేతులతో సైగలు చేసే సిగ్నల్ మనిషి ఒక్కడే ఆయనకు అక్కడ తోడు. ఆ చేతులు చూసే బరువు ఎత్తాలి, దించాలి. ఆ గదిని మా నాన్న ప్రేమించినంతగా నేను మా యూనివర్సిటీని కూడా ప్రేమించలేదు.

నాన్న తెల్లవారే వంట చేసి డ్యూటీకి పోయేవాడు. చలికాలం పొద్దున్న పేరుకున్న కొబ్బరినూనె సీసా తీసుకెళ్ళి వాకిట్లో ఎండ పడే గట్టు మీద పెట్టి వెళ్ళేవాడు. నేను లేచి తల దువ్వుకునే వేళకు నూనె కరిగి ఉండేది. అమ్మ చేసే పని అది. అమ్మ పోయాక ఒక్క చలికాలం కూడా తప్పలేదు.

ఇక నా పని. నా డిసర్టేషన్‌కు మేక కళ్ళు కావాలి. మా వీధి చివర మాంసం కొట్టు ఆయన తలలు కొట్టేటప్పుడు కళ్ళు తీసి నాకోసం పక్కన పెట్టేవాడు. మొదట్లో నన్ను ఎగాదిగా చూశాడు గానీ చదువుకని చెప్పాక పాపం ఏనాడూ కాదనలేదు. అడుగున ఐసు ముక్కలు వేసిన టిఫిన్ క్యారియర్‌లో ఆ కళ్ళు సర్దుకుని బస్సెక్కేదాన్ని. నా అన్నం ఇంకో క్యారియర్‌లో. రెండూ ఒకే దుకాణంలో కొన్నవి, ఒకే సైజు. ఈ సంగతి ఒకసారి పొక్కిపోయింది. ఇక ఆ రోజు నుంచి నా పక్కన కూర్చుని అన్నం తినడానికి ఆడపిల్లలు కూడా రాలేదు. వాళ్ళను తప్పుపట్టను, నేనైనా వెళ్ళేదాన్ని కాదేమో. ల్యాబు వెనక మెట్ల మీద సముద్రానికి ఎదురుగా కూర్చుని ఒక్కదాన్నే తినేదాన్ని. మేకకళ్ళమ్మాయి అని కుర్రాళ్ళు పేరు పెట్టారు. ఎదురుగా అంటే పోట్లాడేదాన్ని, కానీ ఎదురుగా అనే ధైర్యం ఎవరికీ లేదు, మాట్లాడే అవసరమూ ఎవరికీ లేదు. కొన్ని రోజులు "ప్రెజెంట్ సార్" తప్ప పొద్దుట్నుంచి సాయంత్రం దాకా నా నోట ఇంకో మాట వచ్చేది కాదు. ఒంటరితనం అంటే ఏదో పెద్ద బాధ అనుకునేదాన్ని. కాదు, నోరు ఎండిపోవడం. అంతే.

చీకటి గదిలో నా పరికరం ఉండేది. ఒక దీపం, దాని వెలుగు లెన్స్ గుండా పోయి అవతల పడితే ఎంత వెలుగు దాటిందో చెప్పడానికి ఒక గాల్వనోమీటరు, దాని స్కేలు మీద అటూ ఇటూ కదిలే వెలుగు చుక్క. ఆ చుక్కతో మాట్లాడేదాన్ని. ఇటు రావే, అటు పోతావేమే అని దాన్ని తిట్టేదాన్ని కూడా.

నెలన్నర పాటు నాకు ఒక్క లెన్స్ కూడా పనికొచ్చింది దొరకలేదు. కన్ను కోసి లెన్స్ బయటికి తీస్తే చాలు, దాని నడిమధ్య పాలచుక్క వేసినట్టు మబ్బు కనిపించేది. పాతబడిన కళ్ళు అంటగడుతున్నాడని మాంసం కొట్టు ఆయన మీద మండిపడ్డాను. ఆయన కత్తి దింపి చెయ్యి గుండె మీద పెట్టుకుని పొద్దున్న కోసిన లేత పోతు తలలేనని చెప్పాడు. నేను నమ్మలేదు. ఇంకా ఎక్కువ ఐసు వేశాను. మబ్బు ఇంకా చిక్కనయింది. తీసినవి తీసినట్టు బల్ల కింది బకెట్‌లో పడేసి, చేతులు కడుక్కుని, కళ్ళనీళ్ళు పెట్టుకుని ఇంటికొచ్చేదాన్ని. బకెట్‌లో అవన్నీ నా వెనకాల ఒక్కొక్కటే తేటపడుతూ ఉండే ఉంటాయి. నేను ఒక్కసారి కూడా తిరిగి చూడలేదు.

ఒకనాడు ఖనిజం గూడ్సు బండి ఒకటి రైలు గేటు దగ్గర ఆగిపోయింది. గేటు ఎంతసేపటికీ ఎత్తలేదు. తర్వాత ఎక్కిన బస్సు సగం దారిలో మొరాయించింది. మిగిలిన దారి ఎండలో నడిచాను. ల్యాబుకు చేరేసరికి క్యారియర్‌లో ఐసంతా నీళ్ళయిపోయింది. ఇవాళ్టివి కుళ్ళిపోయి ఉంటాయిలే అనుకుంటూనే ఒకటి కోశాను. లెన్స్ గాజుపూసలా ఉంది. కింద పరిచిన పేపర్లో అక్షరాలు దానిలోంచి పెద్దవిగా కనిపించాయి. మిగిలినవి కోశాను. అన్నీ అంతే. పరిగెత్తి ఐసు తెచ్చి ఒకదాన్ని అందులో వేశాను. చూస్తుండగానే నడిమధ్య మబ్బు పుట్టింది. తీసి అరచేతిలో పెట్టుకున్నాను. నా చేతి వెచ్చదనానికి మబ్బు అంచుల నుంచి కరిగి, చిన్నదై, పోయింది. నెలన్నరగా చెడిపోయాయనుకున్నవి చెడిపోనే లేదు, వాటికి చలేసింది, అంతే.

ఇరవై సార్లు చేసి చూశాను. ఇరవై ఒకటోసారి ఎవరికైనా చూపించాలనిపించింది. మేష్టారు ఆ రోజు సెలవు. పక్క ల్యాబులో ఎలక్ట్రానిక్స్ వాళ్ళు ఒక పరికరం చుట్టూ మూగి నవ్వుకుంటున్నారు. అరచేతిలో లెన్స్ పెట్టుకుని వాళ్ళ గుమ్మం దాకా వెళ్ళాను. ఒకడు తిరిగి చూసి, నా చేతిలోది చూసి, తిండి వేళ ఇదేంటండీ అని మళ్ళీ అటు తిరిగిపోయాడు. చెడ్డవాడేం కాదు. నేనే గుమ్మంలో అంతసేపు నిలబడి ఉండాల్సింది కాదు. వెనక్కి వచ్చాను. ఆ క్షణం నాకు ఎంత ఏడుపొచ్చిందో ఇప్పటికీ గుర్తుంది.

ఒక లెన్స్‌ను ఐసు ఫ్లాస్కులో వేసుకుని ఇంటికి తీసుకెళ్ళాను. నాన్న పీట మీద కూర్చుని కాళ్ళు పిసుక్కుంటున్నాడు. చెయ్యి చాపమన్నాను. ఎందుకని అడగకుండా చాపాడు. తెల్లగా మబ్బు పట్టిన లెన్స్ ఆయన కాయలు కాచిన అరచేతిలో పెట్టి, చూస్తూ ఉండమన్నాను. నాన్న చేతిని ముఖం దగ్గరికి తెచ్చుకున్నాడు, ఇంకా దగ్గరికి తెచ్చుకున్నాడు, ముక్కుకు తగిలేంత. నా చదువంటే నాన్నకు ఇంత ఆసక్తా అని పొంగిపోయాను. తేటపడే దాకా రెప్ప వేయలేదు ఆయన.

"ఇదేటమ్మా, కరిగిపోనాది?" అన్నాడు.

చెప్పాను. గుక్క తిప్పుకోకుండా చెప్పాను. లెన్స్‌లో ప్రోటీన్లు ఉంటాయని, వెచ్చగా ఉన్నప్పుడు అవి అన్నీ సమంగా కలిసి ఉంటాయని, చలేస్తే ఒకచోట చిక్కగా ఒకచోట పలచగా విడిపోతాయని, వెలుగు వాటి మధ్య చెదిరి తెల్లగా కనిపిస్తుందని. నాన్న ముఖంలో ఏదీ కదల్లేదు. అప్పుడు వాకిట్లో గట్టు మీద సీసా చూపించి, కొబ్బరినూనె లాంటిదే నాన్నా, చలికి పేరుకుంటుంది, వెచ్చబడితే కరుగుతుంది అన్నాను. అప్పుడు అర్థమైంది ఆయనకు. తల ఊపాడు. తన అరచేతి వంకే చూస్తూ అడిగాడు.

"మనుసుల కళ్ళు కూడా అంతేనేటి?"

"కళ్ళన్నీ ఒకటే నాన్నా," అన్నాను నేను.

ఎమ్మెస్సీ చదువుతున్న మనిషిని, అంత తేలిగ్గా అనేశాను.

మర్నాడు మేష్టారికి చెబితే ఆయన నవ్వారు. ఎగతాళి కాదు, ముచ్చటపడి. ఇది లోకానికి ముందే తెలిసిన విషయమేనట, చలి శుక్లం అంటారట. అయినా నీ అంతట నువ్వు చూశావు కదా అమ్మాయ్, ఇదే నీ డిసర్టేషన్, లేత మేకకు ఏ వేడి దగ్గర మబ్బు పడుతుందో ముదురు మేకకు ఎక్కడ పడుతుందో కొలువు అన్నారు. ఆ తర్వాత బోర్డు వైపు తిరిగి రెండో సగం చెప్పారు. ముసలితనంలో మనుషులకు వచ్చే శుక్లం దీని చుట్టం కాదట. అక్కడ ప్రోటీన్లే పాడైపోయి ఒకదానికొకటి అతుక్కుపోతాయట. కోడిగుడ్డు ఉడికినట్టు. ఉడికిన గుడ్డును ఏం చేసినా మళ్ళీ పచ్చిగుడ్డు కాదు. నోట్సులో కొబ్బరినూనె కింద గీత గీసి, కోడిగుడ్డు అని రాసుకున్నాను.

ఆ సాయంత్రం నాన్న నాకంటే ముందే వచ్చి కూర్చున్నాడు. కాళ్ళు కడుక్కోక ముందే, ఆ నూనె సంగతి మళ్ళీ సెప్పమ్మా అన్నాడు. చెప్పాను. కోడిగుడ్డు నాలుక చివరి దాకా వచ్చింది. చెప్పలేదు. అది చెబితే నా కథ చిన్నబోతుందనిపించింది. కరగడం ఉన్న కథ బాగుంది, కరగకపోవడం ఎవరికి కావాలి? ఆ రోజు అలా ఆపేసిన దాన్ని తర్వాత చెప్పడానికి చోటు దొరకలేదు, నేను వెతకనూ లేదు.

ఆ చలికాలం సాయంత్రాలు నా చదువు మొత్తంలో నాకు దొరికిన సుఖం. నాన్న రోజూ అడిగేవాడు. ఇవాళ ఎన్ని కళ్ళు, ఎంత వేడికి తేటపడ్డాయి, ఎంతసేపు పట్టింది. బొగ్గుముక్కతో గచ్చు మీద గ్రాఫు గీసి చూపించేదాన్ని. వంగి, నేలకు ముఖం ఆనించినంత దగ్గరగా చూసేవాడు. ముసలి మేకలకైతే ఎలాగని ఒకరోజు అడిగాడు. ముదురు మేకలకు ఈ మబ్బు పట్టనే పట్టదు నాన్నా అని నిజమే చెప్పాను. ఆయన సంతోషించాడు. పొద్దంతా ఎండిపోయిన నా నోరు ఆ గంటసేపు ఆగేది కాదు. బస్సులో వస్తూ ఇవాళ నాన్నకు ఏం చెప్పాలా అని సర్దుకునేదాన్ని.

ఇంకొకటి కూడా జరుగుతూ వచ్చింది, నేను చూస్తూనే ఉన్నాను. పొద్దున్నే గంజి వార్చిన అన్నం గిన్నె మూత మీద గుడ్డ మడత వేసి వెచ్చబెట్టి నాన్న కళ్ళకు కాపడం పెట్టుకునేవాడు. ఒక్కోరోజు సాయంత్రం కూడా. ఏమిటి నాన్నా అంటే పొగకి మంటగా ఉందనేవాడు. హార్బరులో బొగ్గు ధూళీ ఖనిజం ధూళీ ఎంత ఉంటుందో నాకు తెలియనిదా, నిజమే అనుకున్నాను. రోజుకు పది కళ్ళు కోసి మబ్బు ఎంతుందో కొలిచేదాన్ని, నాతో కూర్చుని అన్నం తినే మనిషి కళ్ళలోకి ఒక్కనాడు చూడలేదు. దీన్ని ఇంకెలా చెప్పాలో నాకు తెలియదు. చూడలేదు.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం నాన్న చేపల కోసం బజారుకు వెళ్ళినప్పుడు ఆయన సిగ్నల్ మనిషి మా ఇంటికి వచ్చాడు. పదేళ్ళుగా నాన్నకు కింద నిలబడి సైగలు చేసేది ఆయనే. ఒకరినొకరు బావ అని పిలుచుకునేవారు. నాన్న లేడని తెలిసీ వెళ్ళిపోలేదు. గుమ్మంలోనే నిలబడి భుజం మీద తెల్ల తువ్వాలు తీసి చేతికి చుట్టుకుంటూ విప్పుకుంటూ ఉన్నాడు.

"బావకి నా సెయ్యి అవుపడ్డం నేదమ్మా," అన్నాడు చివరికి. "సంకురాత్రి ముందు నుంచీ నాను ఈ తువ్వాలు సేతికి సుట్టుకుని ఊపుతన్నాను. తెల్లగా ఉంటాది కదా, పోల్సుకుంతన్నాడు. ఇప్పుడు అదీ అవుపడ్డం నేదు. డాక్టరు కాడికెళ్ళు బావా అంతే ఇన్డు. మా గుంట సదివింది, కంటి పొర నూనె నాగ కరిగిపోద్దంట, మార్చిలో హార్బరోల్ల కళ్ళ పరీచ్చ నాటికి తేటపడిపోద్ది అంతాడు. నువ్వే సెప్పమ్మా. నిజవేనా?"

నిలువునా కూలిపోయానంటారే, అలా కాదు. నిలబడే ఉన్నాను. అది నిజం కాదని, నేను సగమే చెప్పానని ఆయనకు చెప్పాను. ఆయన నన్నేమీ అనలేదు. ఇప్పటిదాకా ఎవరికీ ఏమీ కాలేదని, బరువున్న పనులు ఏదో వంకతో పక్క క్రేన్‌కు మళ్ళిస్తున్నానని, ఇక తన చేత కాదని చెప్పి వెళ్ళిపోయాడు.

నాన్న చేపలు పట్టుకుని వచ్చాడు. సంచి దింపనివ్వలేదు నేను. వెలుగులో నిలబెట్టి, టార్చి తెచ్చి కంట్లోకి వేశాను. కుడికన్ను పాప పూర్తిగా బూడిదరంగు. ఎడమది సగం. ఏ పరికరమూ అక్కర్లేదు, ఏ పిల్లాడైనా చెబుతాడు. నాన్న కదలకుండా నిలబడ్డాడు. తప్పు చేసి పట్టుబడినవాడిలా ఉన్నాడు. తప్పు ఎవరిదో ఆ గదిలో నాకొక్కదానికే తెలుసు. ఇది కరిగేది కాదు నాన్నా, కోసి తీసేయాలి అని మాత్రం అన్నాను. కోస్తే మళ్ళీ క్రేన్ ఎక్కనిస్తారా అని అడిగాడు. ఎక్కనివ్వరని ఆయనకూ తెలుసు. అప్పట్లో శుక్లం తీస్తే కంట్లో పెట్టడానికి ఏమీ ఉండేది కాదు, సీసా అడుగంత మందం కళ్ళద్దాలు పెట్టుకుని నేల మీద నడవడమే కష్టం, నిచ్చెన మాట ఎవరు ఎత్తుతారు? నాన్న చేపలు తోమడానికి కూర్చున్నాడు.

ఆసుపత్రికి వెళ్ళే రోజు పొద్దున్న నాకు ముందే మెలకువ వచ్చింది. వంటింట్లోకి తొంగి చూస్తే నాన్న స్టవ్ ముందు కూర్చుని ఉన్నాడు. అన్నం గిన్నె మూత మీద గుడ్డ. దాన్ని తీసి రెండు కళ్ళ మీదా అదుముకున్నాడు. చాలాసేపు అలాగే ఉన్నాడు. నేను చప్పుడు కాకుండా వెనక్కి వచ్చి మళ్ళీ పడుకున్నాను.

పెద్దాసుపత్రిలో ఆపరేషన్ బల్ల ఎక్కే ముందు నాన్న డాక్టరు గారిని ఒక కోరిక కోరాడట. నర్సు బయటికి వచ్చి నవ్వుతూ చెప్పింది. తీసిన పొర పారేయొద్దని, మా గుంటకి ఇవ్వండి, దానికి సదువుకి పనికొస్తాదని. కాసేపటికి చిన్న సీసాలో ఉప్పునీళ్ళలో వేసి నిజంగానే తెచ్చి నా చేతిలో పెట్టారు. నానిన శనగబద్దంత ఉంది. తేనెరంగు, లోపల మురికి తెలుపు. ముప్ఫై ఏళ్ళు ఓడలను, కొండను, కింద సైగలు చేసే చేతులను చూసినది.

మర్నాడు దాన్ని ల్యాబుకు తీసుకెళ్ళాను. చీకటి గదిలో దీపం వెలిగించి నీళ్ళతొట్టిలో పెట్టాను. ఏం జరుగుతుందో నాకు తెలుసు. గుడ్డు ఎక్కడైనా పచ్చిదవుతుందా? అయినా పెట్టాను. వేడి పెంచాను. మేక లెన్స్ అయితే ఈపాటికి స్కేలు మీద చుక్క పరిగెత్తేది. ఒంటి వేడి దాటించాను, ఇంకా పెంచాను. చుక్క ఉన్నచోటే ఉంది. రావే అన్నాను, ఒక్కసారి రావే అని బతిమాలాను. తర్వాత దీపం ఆర్పేసి ఆ చీకట్లోనే కూర్చుని ఏడ్చాను. వినడానికి ఎవరూ లేకపోవడం ఆ రోజు ఒక్కటే నాకు మేలనిపించింది. ఆ లెక్క డిసర్టేషన్‌లో రాయలేదు.

సాయంత్రం ఆసుపత్రికి వెళ్ళాను. నాన్న వెల్లకిలా పడుకుని ఉన్నాడు. కోసింది కుడికన్నే అయినా రెండు కళ్ళకూ కట్టు, తల కదలకుండా అటొకటి ఇటొకటి ఇసుక సంచులు. నా అడుగుల చప్పుడు గుర్తుపట్టాడు.

"ఏటమ్మా, ఎచ్చబెట్టి సూసేవా?"

"సూసేను నాన్నా."

"కరిగిందేటి?"

అబద్ధం చెప్పడానికి అంత వీలైన చోటు లేదు. ఆయనకు నా ముఖం కనిపించదు, ఆ సీసాను ఇంకెవరూ చూడరు.

"నేదు," అన్నాను. "అది కరగదు నాన్నా. నాకు ముందే తెలుసు. మా సార్ మర్నాడే సెప్పారు. నాను నీకు సెప్పలేదు."

దుప్పటి మీద నాన్న చెయ్యి తడుముకుంటూ వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"వారం దినాలకే తెలిసిపోనాది నాకు, కరగదని," అన్నాడు. "నువ్వు దిగులెట్టుకోకు."

"మరి రోజూ ఎందుకడిగీవోడివి?"

"నువ్వు సదువు కాడ ఎవుల్తోనూ మాటాడవు కదమ్మా. అదడిగితే మాటాడీదానివి. బాగుండీది."

నిన్న పొద్దున వంటింట్లో చూసిన మూత, గుడ్డ, ఆ రెండు చేతులు నా కళ్ళముందే ఉన్నాయి. వారానికే తెలిసిపోయిన మనిషి బల్ల ఎక్కే రోజు దాకా కాపడం పెట్టుకోడు. నేను చూశానని ఆయనకు తెలియదు. చూశానని చెప్పలేదు. నాన్న ఇచ్చిన ఆ అబద్ధాన్ని రెండు చేతులా పట్టుకుని ఊరుకున్నాను, ఇప్పటికీ పట్టుకునే ఉన్నాను. నాన్న మళ్ళీ క్రేన్ ఎక్కలేదు. ఉద్యోగం మిగిలిన నాలుగేళ్ళూ స్టోర్సు గదిలో, కిటికీ లేని చోట, స్టూలు మీద కూర్చున్నాడు.

ఆ సాయంత్రం మాత్రం వార్డులో దీపాలు వేసే వేళకు నాన్న నా చెయ్యి కదిపి, మీ సార్ ఇంకా ఏటి సెప్పేరు, అది సెప్పు అన్నాడు. కోడిగుడ్డు గురించి మొదటి నుంచీ చెప్పడం మొదలుపెట్టాను. పచ్చిగుడ్డులో ప్రోటీన్లు ఎలా ఉంటాయో, ఉడికితే ఏమవుతాయో, వెనక్కి ఎందుకు రాలేవో. సమయం అయిపోయింది, ఇక వెళ్ళమ్మా అని నర్సు వచ్చి నిలబడింది. పూర్తయ్యాకే వెళ్తానన్నాను.